ఈయనకి ఎండ పడదు

నేను కట్టుడు పళ్ళు చేస్తాను. మనుషులు నా దగ్గరికి రారు, వాళ్ళ నోళ్ళు మాత్రం వస్తాయి. డాక్టరు తీసిన అచ్చులు డబ్బాల్లో పెట్టి పంపిస్తే, వాటిలో ప్లాస్టరు పోసి, మైనంతో చిగుళ్ళు కట్టి, పళ్ళు పేర్చి తిరిగి పంపిస్తాను. పాతికేళ్ళుగా ఇదే పని. అచ్చు చూసి మనిషి ఎలాంటివాడో చెప్పేయగలనని నాకు కాస్త పొగరు. నిద్రలో పళ్ళు కొరికేవాళ్ళెవరో, ఒక పక్కే నమిలేవాళ్ళెవరో, కోపాన్ని దవడల్లో దాచుకునేవాళ్ళెవరో నాకు తెలిసిపోతుంది. మాట్లాడేందుకు మనుషులు లేకపోతే ఇలాంటి గొప్పలు బాగా పెరుగుతాయి.

ల్యాబు ఒక మందుల దుకాణం వెనక గది. నేనుండేది దానిపైన మరో గది. మధ్యలో మెట్లు పద్నాలుగు. కొన్ని రోజులు ఆ మెట్లే నా ప్రయాణం. దుకాణం ఆయన సాయంత్రం షట్టర్ దించుతూ "అయిపోయిందా?" అని అడిగేదే ఆ రోజుకి నా చెవిన పడ్డ మాట. "అయిపోయిందండీ" అంటాను. ఏమైపోయిందో ఆయనకీ తెలియదు, నాకూ తెలియదు.

నాకున్నది ఒక్కడే అన్నయ్య. కార్లు నడపడం నేర్పుతాడు. పళ్ళ పనిలో చేరిన మొదటి రోజు నుంచి నన్ను "పిప్పి" అని పిలిచేవాడు. మర్యాదని వెక్కిరింతకి వాడటం అతని అలవాటు. వీధిలో కుక్క అడ్డంగా పడుకుంటే "వారు విశ్రాంతి తీసుకుంటున్నారు, పక్కనించి పోదాం" అనేవాడు. కారు కదలకపోతే "వీరికి ఇవాళ మనసు బాలేదు" అనేవాడు. నన్ను మాత్రం ఎప్పుడూ "ఒసేయ్, నువ్వు" అనే అనేవాడు. ఎప్పుడైనా "మీరు" అన్నాడంటే ఏడిపిస్తున్నాడని అర్థం.

అన్నయ్యకి ముందు పళ్ళు రెండూ సొంతవి కావు. నలభయ్యో ఏట సైకిలు మీద నుంచి పడి పోగొట్టుకున్నాడు. ఇప్పుడున్నవి నేను చేసినవి. పక్క పన్ను కొంచెం వంకర కాబట్టి వీటినీ వెంట్రుకవాసి వంకరగా పెట్టాను. ఎవరూ కనిపెట్టలేకపోయారు, అతనూ ఎవరికీ చెప్పుకోలేదు. డ్రైవింగ్ స్కూలుకి ఇరవై ఏళ్ళు నిండాయని ఒకసారి పాత విద్యార్థులందరినీ పిలిచాడు. ఫోటో దిగుతుంటే ఎవరో "మాస్టారి నవ్వు మాత్రం అప్పుడెలా ఉండేదో ఇప్పుడూ అలాగే ఉంది" అన్నారు. నేను నోరు మూసుకుని ఊరుకోవచ్చు కదా. "ఎందుకుండదు? అది నా చేతి పని. కావాలంటే తీసి చూపిస్తాడు" అన్నాను.

అందరూ పగలబడి నవ్వారు. అన్నయ్య పెదాలు మూసుకున్నాడు. ఆ తర్వాత దిగిన ఫోటోలన్నిటిలోనూ అలా మూసుకునే ఉన్నాడు. జనం వెళ్ళిపోయాక కుర్చీలు మడతపెడుతూ, నా వైపు చూడకుండా, "మీరు ఇక బయలుదేరండి" అన్నాడు.

నేను నవ్వేశాను. ఎప్పటి వెక్కిరింతే అనుకున్నాను. పక్కనే ఉన్న వదిన నవ్వలేదు. అప్పుడు అతని ముఖంలోకి చూశాను. అది ఏడిపించే "మీరు" కాదు, పరాయివాళ్ళని అనే "మీరు". చెంప మీద ఒక్కటి ఇచ్చినా నాకు అంత నొప్పి కలిగేది కాదు.

నేనేం తక్కువ తినలేదు. తప్పయిపోయిందని ఒక్క మాట అనలేదు. ఇల్లు మారిపోయాను. ఫోన్ నంబరు కూడా మార్చేశాను. అతను చేస్తే ఎత్తకూడదని కాదు, చెయ్యకపోతే ఆ సంగతి నాకు తెలియకూడదని.

అలా నాలుగేళ్ళు గడిచాయి. ఈ నాలుగేళ్ళలో నాకు కావలసిందల్లా ఒక్కటే. అన్నయ్య నన్ను మళ్ళీ "నువ్వు" అనాలి. అంతకు మించి ఏమీ అక్కర్లేదు.

ఇక ఆట సంగతి. అది గొడవకి ముందు అన్నయ్యే నా ట్యాబ్‌లో పెట్టాడు. "నీకు వేరే ఖాతా ఎందుకే, నాదాంట్లోనే ఆడుకో" అని తన ఖాతాతోనే తెరిచి ఇచ్చాడు. కాబట్టి ఇద్దరికీ ఒకటే దుకాణం. అవును, ఆ ఆటంతా ఒక మొక్కల దుకాణంలో జరుగుతుంది. దాన్ని నడిపే ముసలావిడ ఒక రోజు టీ సగం తాగి, కప్పు బల్ల మీద వదిలేసి మాయమైపోయింది. దుకాణం మన చేతికి వస్తుంది. తలుపు గంట మోగుతుంది, ఎవరో ఒకరు వచ్చి "పీడకలలు రాకుండా చేసే ఆకు కావాలి" అంటారు. అరల నిండా పేర్లు లేని మొక్కలు. ఆకు వెనక నూగు ఉందా, కాడ విరిస్తే పాలు వస్తాయా, వాసన ఎలా ఉంటుందట, ఇవన్నీ పాత పుస్తకంతో పోల్చుకుని సరైన కుండీ అందించాలి. అందిస్తే ఒక సొరుగు తెరుచుకుంటుంది. అందులో ముసలావిడ ఉత్తరం ముక్క ఒకటి ఉంటుంది. అన్ని సొరుగులూ తెరిస్తే ఆవిడ ఏమైందో తెలుస్తుంది. గడియారం లేదు, ఓడిపోవడం లేదు. మనసుకి విశ్రాంతినిచ్చే ఆట అని తయారుచేసినవాళ్ళే రాసుకున్నారు, అది నిజమే.

ప్రతి కుండీకీ ఒక చీటీ ఉంటుంది. ముప్పై అక్షరాలు దాటకుండా దాని మీద ఏమైనా రాసుకోవచ్చు. అవన్నీ ఈ లోకంలో లేని మొక్కలు కాబట్టి పేర్లు మేమే పెట్టాం. గుసగుసాకు, మొండితీగ, పొద్దుచూపు. ఎప్పుడూ ముఖం మాడ్చుకుని ఉండే ఒక మొక్కకి అన్నయ్య "మేనత్త" అని పెట్టాడు.

గొడవ తర్వాత నేను ఆ ఆట జోలికి పోలేదు. ఆరు నెలల కింద ఒక మధ్యాహ్నం ల్యాబులో కొలిమి చెడిపోయింది. చేసేదేమీ లేక ట్యాబ్‌లో చెత్త తీసేద్దామని కూర్చున్నాను. తీసెయ్యబోయే ముందు ఒక్కసారి చూద్దామని దుకాణం తెరిచాను.

అన్ని కుండీల్లోనూ మట్టి తడిగా ఉంది. అంటే ఆ రోజే ఎవరో నీళ్ళు పోశారు.

అన్నయ్య ఇంకా ఆడుతున్నాడు. ఇన్నాళ్ళూ ఆ తడి మట్టి నా ట్యాబ్‌లోనే, నా పరుపు కింద ఉంది.

పై అరలో ఒక చీటీ తప్పుగా రాసి ఉంది. మొండితీగ కాని దానికి మొండితీగ అని పెట్టాడు. దిద్దుదామని కూర్చుని పావుగంట ఆలోచించాను. "వాసన చూడు" అని రాస్తే మరీ చనువు తీసుకున్నట్టు. "వాసన చూడండి" అని రాస్తే నేనే పరాయిదాన్నని ఒప్పుకున్నట్టు. చివరికి "వాసన చూస్తే తెలుస్తుంది" అని రాశాను. మన భాషలో ఈ సుఖం ఒకటుంది. ఎవరితో మాట్లాడుతున్నామో తేల్చకుండానే మాట్లాడేయవచ్చు.

మర్నాడు ఆ చీటీ మీద "నిజమే. పొరపాటు" అని ఉంది. పిచ్చిదానిలా ఆ రెండు మాటలూ పైకి చదువుకున్నాను.

మూడో రోజు మేనత్త కుండీని కిటికీ దగ్గర నుంచి ఎవరో నీడలోకి జరిపారు. చీటీ మీద "ఈయనకి ఎండ పడదు" అని ఉంది. ఒంటరిగా గదిలో కూర్చుని కడుపు పట్టుకుని నవ్వాను. మేనత్తని ఆయన్ని చేసేశాడు. కుక్కని వారు అన్నవాడు మొక్కని ఈయన అనడా! ఇది అన్నయ్యే, అచ్చు చూసి చెప్పినంత ధీమాగా అనుకున్నాను.

అప్పటి నుంచి రోజూ పొద్దున పని మొదలుపెట్టే ముందు ఒకసారి, మధ్యాహ్నం తిన్నాక ఒకసారి దుకాణం తెరిచేదాన్ని. ఒక్కోసారి "మీ దుకాణం వేరే చోట తెరిచి ఉంది" అని వచ్చేది. అవతలివాళ్ళు ఆడుతుంటే ఇవతలివాళ్ళని లోపలికి రానివ్వదు. మిగతావాళ్ళయితే విసుక్కుంటారేమో, నేను మాత్రం ఆ వాక్యం ముందే కూర్చునేదాన్ని. అదే సమయంలో, ఎక్కడో ఒక గదిలో, అన్నయ్య కుండీలు జరుపుతున్నాడు. మూసిన తలుపు అవతల మనిషి ఉన్నాడని తెలిస్తే ఆ తలుపు ముందు ఎంతసేపైనా నిలబడొచ్చు.

"ఈయన రాత్రి నిద్రపోలేదు" అని ఒక రోజు. "మాటలెక్కువై ఉంటాయి" అని నేను. "ఈయన ఇవాళ లేచి కూర్చున్నారు" అని ఇంకో రోజు. వాలిపోయిన పొద్దుచూపు నిజంగానే తలెత్తింది. "సంతోషం. నీళ్ళు తగ్గించాలి" అని రాశాను. "ఈయన ఎడమ పక్క కదలట్లేదు" అని వచ్చిన రోజు మేనత్తని నలువైపులా తిప్పి చూశాను. ఎడమ కొమ్మ ఎండిపోయినట్టే ఉంది. "ఆ కొమ్మ కత్తిరించేస్తే సరి" అని రాశాను. ఆ తర్వాత నాలుగు రోజులు చీటీలేవీ మారలేదు. అన్నయ్యకి పని ఎక్కువగా ఉందనుకున్నాను.

ఒకసారి ధైర్యం చేసి "కోపం తగ్గిందా?" అని అడిగాను. అప్పుడూ ఎవరి కోపమో రాయలేదు. "ఈయనకి కోపం నిలవదు" అని జవాబు వచ్చింది. ఆ రోజు పళ్ళు పేర్చుతూ పాట పాడానట. మందుల దుకాణం ఆయన గోడ అవతల నుంచి "ఏంటండీ, ఒంట్లో బాగానే ఉందా?" అని అడిగాడు.

మెల్లగా సొరుగులన్నీ తెరుచుకున్నాయి, ఒక్కటి తప్ప. ఆఖరి కుండీ ఏదో నాకు తెలిసిపోయింది. కానీ అందించలేదు. ఆ సొరుగు తెరిస్తే ముసలావిడ సంగతి తేలిపోతుంది, ఆట అయిపోతుంది, చీటీలు ఆగిపోతాయి. కావాలని తప్పు కుండీలు అందిస్తూ వచ్చాను. కొనడానికి వచ్చిన పెద్దమనిషి తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయేవాడు, మర్నాడు మళ్ళీ వచ్చేవాడు. వింతేమిటంటే అవతలి నుంచి కూడా రోజూ తప్పు కుండీలే వెళ్ళేవి. పాపం అన్నయ్యకి అంతుపట్టడం లేదని జాలిపడ్డాను.

పోయిన శనివారం పొద్దున మేనత్త చీటీ మారింది.

"ఈయన నిన్న మిమ్మల్ని అడిగారు."

రెండుసార్లు చదివాను. మొక్కలు నిద్రపోకపోవచ్చు, లేచి కూర్చోవచ్చు, వాటికి ఎండ పడకపోవచ్చు. కానీ ఏ మొక్కా ఎవరినీ అడగదు. దగ్గర కూర్చున్న భర్త గురించి ఆడవాళ్ళు "ఈయన" అంటారని నాకు తెలియదా? వదిన నోటి నుంచి ఆ మాట నేను ఎన్ని వందల సార్లు వినలేదు?

ఆటలో పాత చీటీలన్నీ ఒక చోట ఉంటాయి. మంచం మీద కూర్చుని ఒక్కొక్కటీ మళ్ళీ చదివాను. అక్షరం మారలేదు. ఈయన రాత్రి నిద్రపోలేదు. ఈయన ఇవాళ లేచి కూర్చున్నారు. ఈయన ఎడమ పక్క కదలట్లేదు. దాని కింద నేను రాసిన మాట చదివి ట్యాబ్ బోర్లా తిప్పేశాను.

గంటలో అన్నయ్య ఇంటి ముందున్నాను. తలుపు వదిన తీసింది. మనిషి సగమైంది. నన్ను చూసి కోప్పడలేదు, ఆశ్చర్యపోలేదు.

"వచ్చారా" అంది. ఆవిడ నన్ను మొదటి నుంచీ మీరు అనే అంటుంది. అది ఆవిడ మాట తీరు, అందులో ఏమీ లేదు.

"ఎప్పుడైంది వదినా?"

"ఎనిమిది నెలలు. పొద్దున బూట్లు వేసుకుంటూ పక్కకి ఒరిగిపోయారు. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. మీకు ఫోన్ చేస్తే ఎవరో ఎత్తి రాంగ్ నంబర్ అన్నారు. ఇల్లు కూడా మారిపోయారట."

"ఆటలో నేనున్నానని తెలుసు కదా. నాకు చెప్పాల్సింది వదినా."

"చెప్పాను కదండీ" అంది వదిన. "రోజూ చెప్తూనే ఉన్నాను. ఆ చీటీల మీద ఇంకేం రాశాననుకున్నారు?"

"మొక్కల గురించి అనుకున్నాను. రాసేది అన్నయ్య అనుకున్నాను."

వదిన గుమ్మం పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "అయితే ఆ కొమ్మ కత్తిరించడం..."

"కొమ్మ గురించే వదినా."

ఆవిడ చేత్తో నోరు మూసుకుంది. నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు, ఆవిడకీ తెలిసి ఉండదు. "నాలుగు రోజులు నిద్ర పట్టలేదండీ. అన్న మీద ఇంత కసి పెట్టుకున్నారేంటి అనుకున్నాను. నీళ్ళు తగ్గించమన్నారని అంతకుముందు డాక్టర్ని కూడా అడిగొచ్చాను. ఆయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు."

"అయినా ఆట ఎందుకు మానలేదు వదినా?"

"ఎడమ చేతి వేళ్ళు ఆడిస్తూ ఉండమన్నారు. బంతి ఇస్తే విసిరికొడతారు. ఆ ఆటలో నీళ్ళ డబ్బా మాత్రం ఎడమ వేలితో లాగుతారు. నీళ్ళు పోసేది ఈయన, చీటీలు రాసేది నేను. అవతల మీరున్నారని ఈయనకి చెప్పలేదు. మీ అన్నయ్య కోపం మీకు తెలుసుగా, ఆట మానేస్తే ఆ వేళ్ళు కూడా పోతాయని భయం. అందుకే ఆఖరి కుండీ తెలిసి కూడా తప్పుగా అందిస్తున్నాను."

నేనూ అంతేనని చెప్పలేకపోయాను.

"నిన్న మధ్యాహ్నం ఉన్నట్టుండి 'పిప్పి ఏదీ' అన్నారు" అంది వదిన. "నాలుగేళ్ళలో ఆ పేరు ఎత్తడం అదే మొదటిసారి. ఇంక ఉండబట్టలేక రాశాను. కానీ ఒక మాట. ఈయనకి ముఖాలు గుర్తుండట్లేదు. గొంతులు కూడా కలిసిపోతున్నాయట. ఎవరు ఎవరో తెలియక అందరినీ మీరు అనేస్తున్నారు. నన్ను కూడా. మీరు ఏమీ అనుకోకండి."

అన్నయ్య కిటికీ పక్కన, ఎండ తగలని చోట కుర్చీలో కూర్చున్నాడు. ఒళ్ళో చెక్క పలక, దాని మీద ట్యాబ్. ఎడమ చూపుడు వేలు తెర మీద కొంచెం కదిలి ఆగుతోంది, మళ్ళీ కదులుతోంది. నీళ్ళ డబ్బా ఒక కుండీ నుంచి పక్క కుండీకి వెళ్ళడానికి నేను పది ఊపిర్లు తీసుకున్నాను. ఇన్నాళ్ళూ నేను చూసుకుని మురిసిపోయిన తడి మట్టి ఈ వేలు చేసిన పని.

"రండి. కూర్చోండి" అన్నాడు నన్ను చూసి. మాట కొంచెం ముద్దగా వచ్చింది. ముఖంలో కోపం లేదు, చనువూ లేదు. బస్సులో పక్క సీటు చూపించేవాళ్ళ మర్యాద అది.

కూర్చున్నాను. "అన్నయ్యా, నేనే. పిప్పిని" అన్నాను.

నా ముఖాన్ని పరీక్ష పేపరు దిద్దినట్టు చూశాడు. నుదురు, కళ్ళు, గడ్డం. ఒక్కొక్కటీ విడిగా తెలుస్తున్నట్టే ఉంది, కలిపితే ఎవరో తెలియడం లేదు. "దానికి ఒక్క తెల్ల వెంట్రుక కూడా ఉండదండీ" అన్నాడు, నా మనసు నొప్పించకూడదన్నట్టు. తర్వాత ట్యాబ్ నా వైపు కొంచెం జరిపాడు. "మీరూ ఆడతారా ఇది?"

"ఆడతానండీ" అన్నాను. నా నోటితో అన్నయ్యని అండీ అనడం అదే మొదలు.

"మంచి ఆట. తొందరపెట్టదు. మా చెల్లెలు నాకంటే బాగా ఆడేది. వాసన చదివి ఇట్టే చెప్పేసేది."

"ఇప్పుడు రాదా?"

"రాదు. నా మీద కోపం దానికి." వేలు డబ్బా మీద ఆగిపోయింది. "ఒక మాట అన్నాన్లెండి. అది నవ్వింది. అప్పుడు నేను కూడా నవ్వేసి ఉంటే అయిపోయేది. నవ్వడానికి సిగ్గేసింది."

దానికి. అది. నాలుగేళ్ళుగా నేను ఎదురుచూసిన చనువంతా అతని నోట్లోనే ఉంది, భద్రంగా, ఎక్కడా అరగకుండా. నా వైపు మాత్రం తిరగడం లేదు. ఏడవకూడదని దవడలు బిగించుకున్నాను. తలుపు దగ్గర నిలబడ్డ వదిన పక్కకి తిరిగిపోయింది.

"వస్తే ఏమంటారు?" అని అడిగాను.

"వస్తేనా?" అన్నాడు. ముఖంలో కుడి సగం వెలిగింది. మాట ఎక్కడా ముద్ద కాలేదు, తడబడలేదు. "ఎక్కడ చచ్చావే ఇన్నాళ్ళూ అంటాను."

"ఇంకోసారి అనండి" అన్నాను.

ఎందుకో అతనికి అర్థం కాలేదు. కానీ పరాయి మనిషి అడిగింది కదా అని, మర్యాదకి, ఇంకోసారి అన్నాడు.